మా బావ కళ్లు పోయింది తాగుడు వల్ల కాదు

మా యాకోబు బావ లేడన్న సంగతి ఈ పత్రిక చదివే వారిలో చాలామందికి ఈపాటికి తెలిసే ఉంటుంది. తెలియని వారుంటే ఆ తప్పు నాది కాదు. ఆయన పోయిన వారంలోనే నేను ఆయన గురించి రాసి మా చర్చి సంఘం పత్రికకు ఇచ్చాను. "జాగా లేదు దానియేలన్నా" అన్నారు. ఆ నెల సంచికలో ఒక పెద్దమనిషి మనవడి పుట్టినరోజు ఫొటోకు అర పేజీ జాగా దొరికింది. మరుసటి నెల మళ్లీ అడిగితే "ఇప్పుడది పాత వార్త అయింది గదా" అన్నారు. కార్మిక సంఘం ఆఫీసుకు వెళ్తే కుర్చీ చూపించకుండా, నిలబెట్టే మాట్లాడి పంపారు. నాకు ఇవన్నీ గుర్తుంటాయి. కాలనీలో నాకు 'దరఖాస్తుల దానియేలు' అని పేరు పెట్టినవారు కూడా గుర్తున్నారు. రిటైరైన కార్మికుల ఈ చిన్న పత్రిక వారు ఒక్క వాక్యం కూడా తీసేయబోమని మాట ఇచ్చారు కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఉదయం ముసురు పట్టి ఉంది. చాయ్ తాగుతుండగా మా అక్క మరియమ్మ ఫోన్ చేసింది. "తమ్మీ, బావ పలుకుతలేడు" అన్నది. అంతే. ఏడుపు లేదు, కేక లేదు. ముందురోజు సాయంత్రమే నేను ఆయనతో కూర్చొని మాట్లాడి వచ్చాను. వానలు మొదలైతే ఆయనకు ఆయాసం రావడం ఏటా ఉండేదే. గని దుమ్ము మింగిన ఊపిరితిత్తులు అవి. ఇంత తొందరగా పోతాడని ఎవరం అనుకోలేదు. వాళ్ల క్వార్టర్‌కు ఎలా చేరానో నాకు తెలియదు. గోడ వైపు తిరిగి పడుకొని ఉన్నాడు. నా చెప్పుల చప్పుడు గుమ్మంలో వినబడగానే "రా బామ్మర్ది" అనే ఆ గొంతు ఆ రోజు లేవలేదు.

సంతాపం చెప్పుకోవడం ఒక్కటే నా పని అయితే ఇంత పట్టుపట్టేవాణ్ణి కాదు. సమాధుల తోటలో, పెట్టెను ఇంకా గోతిలోకి దించకముందే, మా చర్చి సంఘ పెద్ద ఆయన గురించి ఒక అసత్యం పలికారు. యాకోబు కళ్లను తాగుడు తీసుకుపోయిందన్నారు. అది నిజం కాదని ఆయనకు తెలుసు. ఆ మాట నమ్మి మా బావ ఒక్కగానొక్క కొడుకు సుధీర్ కంటి డాక్టరు దగ్గరికి రానంటున్నాడు. తండ్రి కళ్లను తిన్న జబ్బు కొడుక్కు కూడా రావచ్చని డాక్టరు మా ముఖం మీదే చెప్పి ఉన్నది. అందుకని నేను మా బావ ఎలాంటి మనిషో, ఆయన కళ్లు ఎలా పోయాయో, తాగుడు ఎలా మానాడో మొదటి నుంచి చెప్తాను.

యాకోబు మందమర్రిలో పుట్టాడు. తండ్రి కూడా గని కార్మికుడే. ముసలితనంలో ఆయనకు చూపు పోయింది. బొగ్గు దుమ్ము పడి పోయిందన్నారు, వయసు మీద పడి పోయిందన్నారు, అంతటితో ఆ సంగతి మరిచిపోయారు. యాకోబు ఉద్యోగం మీద గోదావరిఖని వచ్చి టింబర్‌మన్ అయ్యాడు. గనిలో పైకప్పు కూలకుండా కింద కర్ర దిమ్మెలు నిలబెట్టే పని అది. భుజాలు వెడల్పు, గొంతు అంతకంటే వెడల్పు. చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే వెనక వరుస పిల్లలు కూడా మాటలు మానేవారు. మా అక్కను పెళ్లి చేసుకున్న రోజున నన్ను పక్కకు పిలిచి, "మీ అక్క జర కోపిష్టిదట గద, ముందుగాల నీతోనే దోస్తీ చేస్త" అన్నాడు. ఆ దోస్తీ చివరి సాయంత్రం దాకా నిలిచింది.

ఆయన స్వభావం తెలియడానికి ఒక సంగతి చెప్తాను. ఒకసారి షిఫ్టు అయిపోవస్తుండగా ఆయన ఒక దిమ్మె దగ్గర ఆగిపోయాడట. నిలబెట్టింది ఆయనే, కానీ సరిగా బిగిసినట్టు అనిపించలేదు. తోటివాళ్లు పైకి వెళ్లే తొందరలో ఉన్నారు. "మంచిగనే ఉన్నదను యాకోబన్న, పోదాం" అన్నారు. ఆయన కదల్లేదు. "నా నోటితోని మంచిగున్నదని చెప్పియ్యకుర్రి. నేను చెప్పినంత మాత్రాన అది నిలబడతదా?" అని మళ్లీ విప్పి బిగించాడు. అందరికీ ఆలస్యమైంది. అందరూ తిట్టారు. తిట్లు ఆయనకు పట్టేవి కావు. లేని మాట తన నోటి నుంచి రావడమే ఆయనకు పడేది కాదు.

తాగుడు సంగతి దాచను. దాస్తే నేనూ ఆ సంఘ పెద్దకు సరితూగుతాను. బావ తాగేవాడు. మొదట షిఫ్టు దిగాక నలుగురితో కలిసి, తర్వాత నలుగురు లేకపోయినా, చివరకు పొద్దున లేస్తూనే. ముఖం మీద బొగ్గు కడగకుండానే సీసా ముందు కూర్చునేవాడు. మా అక్క నీళ్లు కాచి పెట్టి, చల్లారిపోయాక పారబోసి, మళ్లీ కాచేది. ఒక క్రిస్మస్‌కు తూలుతూ వచ్చి పాట మధ్యలో చరణం మరిచిపోతే ఆయనను పాటల బృందం నుంచి తీసేశారు. అది న్యాయమే. నేను దాని మీద ఫిర్యాదు చేయలేదు.

నేను ల్యాంపు రూములో పనిచేశాను. గనిలోకి దిగే ప్రతివాడూ మా కిటికీ దగ్గర టోకెన్ ఇచ్చి టోపీకి పెట్టుకునే లైటు తీసుకోవాలి. గనిలోకి దిగని వారికి ఒక సంగతి చెప్పాలి. లోపల పక్కచూపు అనేది ఉండదు. టోపీ మీది లైటు ఎంత మేర పడితే అంతవరకే లోకం, ఒక పళ్లెమంత వెలుగు. పక్కన మనిషి పలకరిస్తే కళ్లు తిప్పితే చాలదు, తల మొత్తం తిప్పాలి. ఏళ్ల తరబడి అలా బతికినవాడికి బజారులో కూడా అదే అలవాటు. తల మొత్తం తిప్పి చూసే ముసలాయన కనిపిస్తే అతను గనిలో పనిచేసినవాడని మా ఊళ్లో ఎవరైనా చెప్తారు. మా బావకు అంచుల నుంచి చూపు తగ్గుతూ వచ్చింది. ఎదురుగా ఉన్నది చక్కగా కనబడేది, కంపెనీ కంటి పరీక్షలో చార్టు మీది అక్షరాలన్నీ చదివేవాడు. పక్కలు మాత్రం మెల్లగా మూసుకుపోయాయి. లోపల అందరికీ అంతే చూపు కనుక తనది తగ్గుతున్నదని ఆయనకు తెలియలేదు. గనిని మా దగ్గర బాయి అంటారు. తర్వాత ఒకరోజు నాతో అన్నాడు: "బాయిల అందరం గుడ్డోళ్లమే బామ్మర్ది. లైటు పడ్డంతనే లోకం. నా ఒక్కనిదే తక్కువైతున్నదని నాకెట్ల ఎరుక?"

బయట తడబడేవాడు. వాకిలి పక్కన మోరీలో, అంటే మురుగు కాలువలో, పడ్డాడు. కాలనీ అంతా నవ్వింది. "యాకోబన్న, మోరీల ఏం ఎతుకుతున్నవే, సీసా పడ్డదా?" అన్నారు. ఆయన లోపలి నుంచే "నీ బుద్ధి పడ్డదంటే ఎతుకుతున్న" అన్నాడు. ఇంకా నవ్వారు. తాగేవాడు పడితే తాగి పడ్డాడనే అంటారు. ఆయన కూడా అదే అనుకున్నాడు. చూపు మసకబారినప్పుడల్లా రాత్రిది దిగలేదని అనుకొని, దిగడానికి మళ్లీ తాగేవాడు. తాగుడు ఆయన కళ్లను తినలేదు. కళ్లు పోతున్న సంగతిని కప్పిపెట్టింది. ఈ రెండు వాక్యాల తేడా కోసమే నేను ఇంత రాస్తున్నాను.

అసలు సంగతి బసంత్‌నగర్‌లో బయటపడింది. బంధువుల ఇంట్లో ప్రార్థన ఉంటే బావ, అక్క, నేను బస్సు దిగాం. అక్క గట్టిగా చెప్పడంతో ఆ రోజు ఆయన చుక్క ముట్టలేదు. చేతులు వణుకుతున్నాయి, అయినా ముట్టలేదు. రోడ్డు దాటుతుంటే పక్క నుంచి సిమెంటు లారీ వచ్చింది. నేను చొక్కా పట్టి లాగకపోతే ఆ రోజే పోయేవాడు. డ్రైవరు తల బయటపెట్టి "పొద్దుగాలనే ఏసినవా?" అని అరిచాడు. బావ రోడ్డు పక్కన కూలబడి, "బామ్మర్ది, నేను తాగలే గద?" అని నన్ను అడిగాడు. "తాగలే" అన్నాను. "మరి అంత పెద్ద లారీ నాకెందుకు కనవడలే?" అన్నాడు. అంత భయం ఆ ముఖంలో నేను ఎన్నడూ చూడలేదు.

కరీంనగర్‌లో ఒక కంటి దవాఖానకు తీసుకుపోయాం. డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపికగా చూసింది. నీటికాసులు అన్నది. కంటిలో ఒత్తిడి పెరిగి లోపలి నరం చచ్చిపోతుందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నంత నిలుపుకోవడానికి రోజూ చుక్కల మందు వేసుకోవాలనీ చెప్పింది. బావ ఒకటే అడిగాడు.

"అమ్మా, నేను బాగ తాగుత. దానితోటి వచ్చిందా?"

"కాదు పెద్దాయనా. తాగుడు మానాలి, అది వేరే సంగతి. ఇది తాగనివాళ్లకూ వస్తుంది, ఇంటి వరసలో వస్తుంది. మీ ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా చూపు పోయిందా?"

బావ తల మొత్తం తిప్పి అక్క వైపు చూశాడు. తర్వాత "మా నాయనకు" అన్నాడు.

"అయితే మీ పిల్లలకు, అన్నదమ్ములకు కళ్లు చూపించండి. బాగానే కనబడుతోంది కదా అని ఊరుకోవద్దు. ముందు తెలిస్తే కాపాడవచ్చు" అన్నది డాక్టరమ్మ. ఈ మాటలు విన్నవాళ్లం ముగ్గురం. బావ పోయాడు. అక్క ఉన్నది, నేను ఉన్నాను.

ఈ కథ ఇక్కడి నుంచి మంచిగా నడిచిందని చెప్పలేను. చూపు పోతుందని తెలిశాక మనిషి తాగుడు మానతాడని మీరు అనుకుంటారు. ఆయన ఎక్కువ చేశాడు. పొద్దున చుక్కల మందు వేసుకోవాలంటే చెయ్యి వణికేది. మందు కంట్లో పడక చెంప మీదుగా కారిపోయేది. రెండు గుక్కలు తాగితే చెయ్యి నిలిచేది. కళ్ల కోసమే తాగుతున్నానని వాదించేవాడు. మా అక్క కొన్నాళ్లు తానే వేసింది. ఒక పొద్దున సీసా మూత తిప్పి ఆయన చేతిలో పెట్టి అన్నది: "నేను వెయ్య. తాగకుండ నీ చేతితోని నువ్వు ఏసుకున్ననాడు నాతోని మాట్లాడు."

"కండ్లు పోతయే మరియా."

"నీ కండ్లు నీ చేతులనే పెట్టిన. నా చేతుల ఇంకేమున్నది?"

ఆ రోజు ఆయన వేసుకోలేకపోయాడు. మరునాడు నన్ను పిలిచి "నన్ను దవాఖానల పడెయ్ బామ్మర్ది" అన్నాడు. మత్తు మానేవాళ్లను చేర్చుకునే వార్డులో చేర్పించాం. ఆ మొదటి రోజులు నేను మరిచిపోలేను. ఒళ్లంతా చెమట, జ్వరం, వణుకు. ఎలుకలు పాకుతున్నాయనేవాడు. టోపీలు పెట్టుకున్న మనుషులు వరసగా వచ్చి మంచం చుట్టూ నిలబడ్డారని, ఒక్కొక్కరిని పేరు పెట్టి పిలిచేవాడు. వాళ్లలో కొందరు ఎప్పుడో పోయినవాళ్లు. తేరుకున్నాక నా చెవిలో "బామ్మర్ది, ఆ మత్తుల నాకు పక్కలు గూడ మంచిగ కనవడ్డయి" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు, కానీ తర్వాత దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఇంటికి వచ్చాక పాత దోస్తు కొమురయ్య సాయంత్రాలు రావడం మొదలుపెట్టాడు. చంకలో సీసా ఉండేది. "ఒక్క పెగ్గు ఏసుకో యాకోబు. కండ్లున్నోళ్లకే దునియ తట్టుకోవాలంటే కావాలె. పోతున్నోనికి ఇంకెంత కావాలె?" అనేవాడు. బావ "నువ్వు పోసేది సగమా నిండా, నాకు సరిగ కనవడదు కొమురన్న. నన్ను మోసం చేస్తవని ఫికరు. అందుకే బంద్ పెట్టిన" అని పంపేవాడు. కొమురయ్య నవ్వుకుంటూ వెళ్లేవాడు. అతను వెళ్లాక బావ మంచం కోడును రెండు చేతులతో పట్టుకొని కూర్చునేవాడు. చేతులు వదిలితే వెనక పరుగెత్తుతానేమోనన్నట్టు పట్టుకునేవాడు.

ఒకసారి తప్పాడు. కంపెనీ అప్పటికే ఆయనను పనికి అన్‌ఫిట్ అని ఇంటికి పంపింది. ఒక పొద్దున లేచి, "మరియా, కరెంటు పుట్టే ఊర్ల గూడ కరెంటు పోయిందా?" అన్నాడు. కిటికీలోంచి ఎండ ఆయన ఒళ్లో పడుతున్నది. అక్క ఆయన చెయ్యి పట్టుకున్నది. ఆయనకు అర్థమైంది. ఆ సాయంత్రం కొమురయ్యను తానే పిలిపించుకున్నాడు. కొన్ని వారాలు మళ్లీ అదే బతుకు. తర్వాత ఎవరూ చెప్పకుండానే ఆగిపోయాడు. ఎట్లా ఆగావని అడిగితే, "తాగితే గీ చీకటి ఇంక చిక్కగైతున్నది" అని మాత్రం అన్నాడు. మేము మెచ్చుకోబోతే ఒప్పుకునేవాడు కాదు. "మానినోడు అని నాకు పేరు పెట్టకుర్రి. పేరు పెడితే దాన్ని నిలబెట్టుడే ఒక డ్యూటీ అయితది" అనేవాడు.

ఆ తర్వాత చచ్చేదాకా ఆయన ముట్టలేదు. చూపు మిగలకపోయినా, కంట్లో నొప్పి లేవకుండా చుక్కలు మాత్రం వేసుకోవలసి వచ్చేది. తల వెనక్కి వాల్చి, రెప్ప కిందికి లాగి, తన చేత్తోనే వేసుకునేవాడు. ఒక్కటి కూడా చెంప మీద పడేది కాదు. కళ్లున్నప్పుడు నిలవని చెయ్యి అప్పుడు నిలిచింది. మా అక్క పక్కన నిలబడి చూస్తూ, తాను చూస్తున్నట్టు తెలియకుండా వంటింట్లోకి వెళ్లిపోయేది. ఇల్లంతా గోడకు చెయ్యి ఆనించి తిరగడం నేర్చుకున్నాడు. వెల్లుల్లి ఒలిచేవాడు, బట్టలు మడత పెట్టేవాడు. అక్క చీరలను చేతితో తడిమి "ఇది సుధీర్ తెచ్చింది గద" అనేవాడు. కొన్ని రోజులు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ రోజులూ ఉండేవి.

మా సంఘంలో మారుమనస్సు పొందినవారు అందరి ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం ఆచారం. బావ మానిన సంగతి తెలిసి సంఘ పెద్ద ఇంటికి వచ్చారు. ఆయన రిటైరైన టీచరు, అందరూ సారు అంటారు. నేను అక్కడే ఉన్నాను. నాకు పలకరింపు లేదు, అది వేరే సంగతి.

"యాకోబూ, కృతజ్ఞతా కూడికలో నువ్వు సాక్ష్యం చెప్పాలి. నేను తాగాను, అందుకు దేవుడు నా కళ్లు తీసుకున్నాడు, అప్పుడు నాకు బుద్ధి వచ్చింది అని చెప్పు. యువకుల గుండెలకు తగులుతుంది" అన్నారు.

"తాగిన అని చెప్త సార్. మానిన అని చెప్త. కండ్లు దానితోటి పోయినయని ఎట్ల చెప్త? డాక్టరమ్మ కాదన్నది గద."

"డాక్టర్లకు శరీరం తెలుస్తుంది. ఇది ఆత్మకు సంబంధించిన మాట."

"కండ్లు శరీరంలనే ఉన్నయి గద సార్."

వంటింట్లో మా అక్క నవ్వింది. అది సారుకు వినబడింది. ముఖం మారింది. "ఇది అబద్ధం కాదు యాకోబూ, ఒక ఉదాహరణ అనుకో" అన్నారు.

"ఉదాహరణకు నా కండ్లే దొరికినయా సార్?" అన్నాడు బావ. ఆయన గొంతులో కోపం లేదు. బాధ ఉన్నది.

కూడిక రోజున అక్క చెయ్యి పట్టుకొని ముందుకు వెళ్లి నిలబడ్డాడు. అక్క వెనక్కి వచ్చి తన జాగాలో కూర్చున్నది. చర్చి నిండా జనం. "నేను తాగిన. మస్తు తాగిన. నా పెండ్లాన్ని ఏడిపిచ్చిన. గది నా తప్పు, దేవుని ముంగట తల వంచుతున్న. నా కండ్లు మాత్రం తాగుడుతోని పోలే. అది మా ఇంట్ల వచ్చే బీమారి. తాగుడు నాకది తెల్వనియ్యలే. మీల బాయిల పనిచేసేటోళ్లు జర ఇనుర్రి. పక్కలు మంచిగ కనవడుతున్నయా లేదా చూసుకోండ్రి, మీ కండ్లు డాక్టరుకు..." అంటుండగానే సారు చెయ్యి ఊపారు, డోలు మోగింది, పాట మొదలైంది. బావ ఆ పాట మధ్యలో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. తర్వాత ఆగి, ఎటు తిరిగి కూర్చోవాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు. ముందు బెంచీలో కూర్చున్న పెద్దలెవరూ లేవలేదు. వెనక నుంచి మా అక్క జనాన్ని తోసుకుంటూ వెళ్లి చెయ్యి పట్టుకున్నది.

ఆ తర్వాత ఆయనను ప్రభువు బల్లకు దూరం పెట్టారు. పశ్చాత్తాపం ఇంకా సంపూర్ణం కాలేదన్నారు. ప్రతి నెలా మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం వరస వెంట వచ్చేవి. ఆయన దగ్గరికి వచ్చేసరికి పళ్లెం పట్టుకున్నవాడి అడుగులు తొందరపడేవి. చూడలేని మనిషికి ఆ అడుగులు ఎంత స్పష్టంగా వినబడి ఉంటాయో మీరే ఆలోచించండి. అయినా ఆయన ఒక్క ఆదివారం మానలేదు. "నీకు కోపం లేదా బావా?" అని అడిగితే, "ఎందుకు లేదు? కోపంతోనే పోతున్న. ఇంట్ల కూసుంటే సీసా యాదికొస్తది" అన్నాడు. ఈ అన్యాయం గురించి నేను సారును అడిగిన ప్రతిసారీ "చూద్దాం దానియేలూ" అన్నారు. బావ పోయేదాకా చూస్తూనే ఉన్నారు.

చివరి సాయంత్రం ఆయన మాట్లాడింది ఒక్క సుధీర్ గురించే. సుధీర్ ఓపెన్‌కాస్ట్ గనిలో డంపర్ నడుపుతాడు. ఇల్లంత ఎత్తు బండి అది.

"పక్క నుంచి వచ్చేటోడు కనవడకపోతే పోయేది ఆ పోరడొక్కడే కాదు బామ్మర్ది. కింద నడిచేటోళ్లు గూడ పోతరు. నువ్వు తీస్కపో. నా మాట ఇంటలేడు."

"నీ మాట ఎందుకినడు బావా?"

"తాగుబోతు నాయన మాట గద. ఎన్నేండ్లు మానినా గది పాత తాగుబోతు మాటనే."

ఇంటికి వెళ్తూ దారిలో సుధీర్ కనబడితే నేను అడిగాను. కాసేపు గునిసి, "సరే మామా, వచ్చే వారం కరీంనగర్ పోదాం" అన్నాడు. మరునాటి పొద్దున్నే అక్క ఫోన్ వచ్చింది.

సమాధుల తోటలో సన్నగా వాన పడుతున్నది. గొడుగు కింద నిలబడి సారు మాట్లాడారు. ఆయన బాగా మాట్లాడతారు, అది ఒప్పుకుంటాను. "మత్తు ఈ సహోదరుని రెండు కన్నులను హరించింది. యువకులారా, ఈ పెట్టెను చూసి నేర్చుకోండి" అన్నారు. నేను "అది నిజం కాదు సార్" అని గట్టిగానే అన్నాను. ఎవరో నా భుజం నొక్కి "ఇయ్యాల గూడనా దానియేలన్నా?" అన్నారు. అన్నదెవరో నాకు తెలుసు. బతికి ఉన్నప్పుడు ఆయన నోటితో పలికించలేని మాటను, నోరు లేచి కాదనలేని రోజున ఆయన పెట్టె మీద పెట్టారు.

వారం దాటాక సుధీర్‌ను పిలిచాను. రానన్నాడు.

"నేను మందు ముట్టుతనా మామా?"

"ముట్టవు బిడ్డా."

"మరి నాకెందుకు వస్తది? సమాధి కాడ సార్ అందరి ముంగట చెప్పె గద. అంత పెద్దమనిషి అబద్ధమాడుతడా?"

"మీ నాయన ఏం చెప్పిండు?"

"తప్పు తన మీదికి రావద్దని నాయన గట్ల చెప్పుకున్నడు మామా. తాగినోళ్లందరు గట్లనే అంటరు."

నేను నమ్మలేకపోయాను. అంతకంటే నన్ను కుంగదీసింది మా అక్క. డాక్టరమ్మ ఎదురుగా కూర్చొని ప్రతి మాటా విన్న మనిషి, ఒక మధ్యాహ్నం బియ్యం ఏరుతూ ఆగి, "తమ్మీ, నేను ముందుగాలనే ఇంక గట్టిగ కొట్లాడి మందు బంద్ చేపిస్తే ఆయన కండ్లు నిలిచేటియా?" అని అడిగింది. అందరూ ఒకే మాట అంటూ ఉంటే కళ్లతో చూసినది, చెవులతో విన్నది కూడా అనుమానంలో పడుతుంది. ఇన్నేళ్లు ఆయన తాగుడు మోసిన మనిషి మీద ఇప్పుడు ఆయన చీకటి కూడా వేసి పోయారు.

నేను సారు ఇంటికి వెళ్లాను. ప్రార్థనలో ఉన్నారన్నారు. మళ్లీ వెళ్లాను. పడుకున్నారన్నారు. ఆ తర్వాత గేటు దగ్గర ఎదురుపడితే, "పోయినవాడి గురించి ఇప్పుడెందుకు దానియేలూ? నలుగురికీ మంచి సందేశమే వెళ్లింది కదా" అన్నారు. సారూ, పోయినవాడి గురించి కాదు. సుధీర్ రేపు పొద్దున మళ్లీ డంపర్ ఎక్కుతాడు. అతనికి జబ్బు ఉందని నేను అనడం లేదు. ఉందో లేదో నాకు తెలియదు, అతనికీ తెలియదు. తెలుసుకోకుండా ఆపుతున్నది మీ మాట ఒక్కటే.

యాకోబు లాంటి మనిషి మా కాలనీలో మళ్లీ రాడు. తన తప్పును ఒక్క ఇసుమంత తగ్గించుకోలేదు, తనది కాని తప్పును ఒక్క ఇసుమంత ఒప్పుకోలేదు. ఈ రెండూ చేయగలిగిన వారిని నేను మరొకరిని చూడలేదు. చూపు పోతున్న మనిషి ఆ బాధను తాగి మరిచిపోయే దారి వదిలిపెట్టి, మెలకువతో ఆ చీకటిలోకి నడిచాడు. ఆ ధైర్యానికి నేను తల వంచి నమస్కరిస్తున్నాను. ఆయన పాట, ఆయన వెటకారం, ఆయన మొండితనం పోయిన మా ఇల్లు ఇక నిండదు.

సంఘ పెద్ద గారికి ఈ సంచిక ఒకటి నేనే స్వయంగా తెచ్చి ఇస్తాను. పడుకున్నారంటే లేచేదాకా కూర్చుంటాను. క్షమాపణ నాకు అక్కర్లేదు. నన్ను పలకరించకపోయినా ఫరవాలేదు, దాన్ని గుర్తుపెట్టుకుంటాను, అంతే. వచ్చే ఆదివారం ఆరాధనకు సుధీర్ వస్తాడు, మా అక్క వస్తుంది. మీరు ప్రసంగానికి లేచినప్పుడు నేను కూడా లేచి, అందరూ వింటుండగా ఒక్క ప్రశ్న అడుగుతాను. డోలు మోగించినా కూర్చోను. ప్రశ్న ముందే చెప్తున్నాను, తయారై రండి. సుధీర్ ముఖం చూసి జవాబు చెప్పండి సారూ: వాళ్ల నాయన కళ్లు దేనివల్ల పోయాయి?